యానాం: సరిహద్దే సరుకైన ఊరు

ముందు రెండు అంకెలు చూడండి. 2001 నుంచి 2011 వరకు పదేళ్లలో అప్పటి తూర్పు గోదావరి జిల్లా జనాభా 5 శాతం పైచిలుకు పెరిగింది. అదే పదేళ్లలో, ఆ జిల్లా కడుపులోనే ఉన్నా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం జనాభా 77 శాతం పెరిగింది. 31,394 మంది కాస్తా 55,626 మంది అయ్యారు. రెండుచోట్లా పారేది ఒకే గౌతమి, మాట్లాడేది ఒకే తెలుగు. కులాలు అవే, పండుగలు అవే, వియ్యాలు అటూ ఇటూ కలిసే. మరి సరిహద్దు గీతకు ఒకవైపు జనం దాదాపు కదలకుండా ఉండిపోతే, రెండోవైపు ముప్పాతిక వంతు పెరగడమేమిటి?

పుట్టుకలతో ఇంత పెరుగుదల రాదు. పదేళ్లకు 77 శాతం అంటే ఏటా ఆరు శాతానికి దగ్గర. ఎంత సంతానం కనే సమాజమైనా ఆ వేగాన్ని అందుకోలేదు. కాబట్టి జనం బయటినుంచి వచ్చారు. అక్కడివరకు తేలికే. ఎందుకు వచ్చారు, అంతకుముందు వందేళ్లు ఎందుకు రాలేదు అన్నదే అసలు చిక్కు. యానాం పేరెత్తగానే అందరూ చెప్పే "ఫ్రెంచి పట్టణం" అన్న మాట ఈ చిక్కును విప్పదు. ఫ్రెంచివాళ్లు ఉన్నన్నాళ్లూ ఆ ఊరు పెరగనేలేదు.

కాకినాడ నుంచి బస్సులో సుమారు ముప్పై కిలోమీటర్లు వస్తే యానాం వస్తుంది. దారిలో కోరంగి, తాళ్లరేవు, ఇంజరం. యానాం పొరుగున నీలపల్లి, జార్జిపేట, సుంకరపాలెం. ఈ పేర్లు వింటూ వస్తే సగం చరిత్ర చెవిన పడుతుంది. ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల బట్టల కోఠీ, అంటే వర్తక స్థావరం, ఉండేది. జార్జిపేట పేరులో ఇంగ్లీషు రాజు వాసన తగులుతుంది. గీత దాటితే ఫ్రాన్స్‌తిప్ప ఉంది. ఇసుకతిప్ప అని కూడా అంటారు. సుంకరపాలెం పేరులో నాకు సుంకం వినిపిస్తుంది, అది నా చెవి చేసే చిలిపి పని కూడా కావచ్చు. గీత ఎక్కడుందో చెప్పే బోర్డు చూడనక్కర్లేదు. మద్యం దుకాణాలు, పెట్రోలు బంకులు చిక్కబడితే యానాంలో అడుగుపెట్టినట్టే. బళ్ల మీద ఏపీ నంబరు పోయి పీవై 04 కనిపిస్తుంది.

అయితే ప్రభుత్వ శాఖలన్నీ ఈ గీతను ఒకేలా గుర్తించవు. ఇక్కడికి ఉత్తరం రాయాలంటే 533464 అని వేయాలి, అంటే తపాలా లెక్కలో ఇది గోదావరి జిల్లాల ఊరే. ల్యాండ్‌లైను కోడు కాకినాడదే. బడిపిల్లలు దశాబ్దాలపాటు చదివినవి ఆంధ్ర పాఠ్యపుస్తకాలే. హైకోర్టు మాత్రం మద్రాసులో. రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడ మొదట వినిపించేది తమిళం. ఒకే ఇంటిని ఒక శాఖ ఆంధ్రలో లెక్కేస్తుంది, ఇంకొకటి పుదుచ్చేరిలో లెక్కేస్తుంది. ఊరి స్వభావం ఈ రెండు లెక్కల సందులోనే తయారైంది.

ఆ సందు ఎలా పుట్టిందో క్లుప్తంగా చెబుతాను. ఫ్రెంచివాళ్లు 1723లో ఇక్కడ కోఠీ పెట్టారు. వ్యాపారం గిట్టక 1727లో వదిలేసి, కొన్నేళ్లకు మళ్లీ వచ్చారు. గోదావరి పాయల మీద దిగివచ్చే నేత బట్ట వాళ్లకు కావాలి. ఇంగ్లీషువాళ్లకూ అదే కావాలి కాబట్టి ఇంజరం, నీలపల్లి పక్కపక్కనే పోటీ పడ్డాయి. యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు యానాంను పట్టుకోవడం, సంధి కుదరగానే వదలడం ఆనవాయితీ అయింది. పక్షుల మీద, మొక్కల మీద పరిశోధనలు చేసిన సొన్నెరా అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1790 నుంచి ఇక్కడ అధికారిగా ఉండి, 1793లో వాళ్లకు బందీగా చిక్కాడు. చివరిసారి యానాం ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది 1817లో. అప్పటికే మిల్లు బట్ట ముందు నేత బట్ట ఓడిపోవడం మొదలైంది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. పాయలు ఇసుకతో పూడుకుపోయాయి, ఓడలు కాకినాడ వైపు తిరిగాయి. సరుకు లేని రేవులో మిగిలిన ఎగుమతి మనుషులే. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి ఒప్పందపు కూలీలుగా వెళ్లిన తొలి భారతీయుల్లో, 1820ల చివర్లో, యానాంలో ఓడెక్కిన తెలుగువాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత శతాబ్దం పాటు ఊరికి ఎదుగూ లేదు, బొదుగూ లేదు. 1901లో ఇక్కడి జనం 5,005 మంది. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయాక 1961లో లెక్కిస్తే సుమారు ఏడు వేలు. అరవై ఏళ్లకు రెండు వేల పెరుగుదల! చుట్టూ డౌలేశ్వరం ఆనకట్ట నీటితో డెల్టా పచ్చబడి, కాకినాడ, రాజమండ్రి ఊళ్లు నగరాలవుతున్న కాలం అది.

అంటే ఆ రోజుల్లో గీతకు విలువ లేదా? చాలా ఉంది. శారదా చట్టం కథ చూస్తే తెలుస్తుంది.

1929లో చేసిన ఆ చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో అమలుకు వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే శిక్ష. అప్పటికి ఎనిమిదేళ్లకో తొమ్మిదేళ్లకో కన్యాదానం చేయకపోతే పాపం అనుకునే కుటుంబాలు గోదావరి జిల్లాల నిండా ఉన్నాయి. చట్టం వచ్చింది, ఆచారం పోలేదు. నాలుగు మైళ్ల దూరంలో ఆ చట్టం చెల్లని నేల ఉంది. ఇంకేం, పెళ్లివాళ్లు బళ్లు కట్టుకుని, పడవలెక్కి యానాం వచ్చి, జనం మీసాల వేంకన్న అని పిలుచుకునే స్వామి సన్నిధిలో మూడు ముళ్లు వేయించి తిరిగి వెళ్లేవారు. ఊరికి కల్యాణపురం అనే పేరే పడిపోయింది. పేరు మంగళకరంగా ఉంది కానీ, ఆ పెళ్లికూతుళ్ల వయసు తలుచుకుంటే నాకు అందులో మంగళమేమీ కనిపించదు.

ఇక్కడ గమనించాల్సింది చట్టం కన్నా ప్రయాణం. పెళ్లివారు వచ్చారు, పని చూసుకున్నారు, వెళ్లిపోయారు. మంగళవారం సంతకు వచ్చినవాళ్లూ అంతే. బ్రిటిష్ ఇండియాలో సుంకం కట్టి కొనాల్సిన విదేశీ సరుకు ఇక్కడ చౌకగా దొరికేది. కొనుక్కుని, ఎలాగోలా గీత దాటించుకుపోయేవారు. ఆనాడు గీత అమ్మిన సరుకు ఒక్క రోజులో కొనుక్కుపోయేది. దానికోసం ఇక్కడ ఇల్లు కట్టుకోనక్కర్లేదు, పేరు నమోదు చేయించుకోనక్కర్లేదు. అందుకే సంత రోజున కిటకిటలాడిన ఊరు, లెక్కల పుస్తకంలో మాత్రం ఐదారు వేల దగ్గరే ఆగిపోయింది.

1954 తర్వాత ఈ బేరం తిరగబడింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య, ఆయన తోటి ఉద్యమకారులు యానాంను ఫ్రెంచి పాలన నుంచి విడిపించారు. అదే ఏడాది నవంబరు 1న మిగిలిన మూడు స్థావరాలతో పాటు పాలన అధికారికంగా భారత్ చేతికి వచ్చింది. సరిగ్గా రెండేళ్లకు, 1956లో అదే నవంబరు 1న, భాషాప్రయుక్త సూత్రం మీద ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. చుట్టూ తెలుగు, లోపలా తెలుగు. యానాం అందులో కలిసి ఉండాల్సింది కదా?

కలవలేదు. కారణం 1956 మే 28న ఫ్రాన్స్, భారత్ సంతకాలు చేసిన ఒప్పందం. ఈ స్థావరాలకు 1954 నవంబరుకు ముందున్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగాలని, దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభీష్టం తెలుసుకోవాలని అందులో రాశారు. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పూర్తయి, 1962 ఆగస్టు 16న ఒప్పందం చట్టబద్ధమైంది. 1963 జూలై 1న నాలుగు ముక్కలు కలిపి కేంద్రపాలిత ప్రాంతం చేశారు. తమిళ తీరంలో పుదుచ్చేరి, కారైకాల్, మలబారులో మాహె, గోదావరి పక్కన యానాం. ఒకదానికొకటి నేల కలవని నాలుగు చుక్కలు ఒక ప్రభుత్వమయ్యాయి. భాష ఒక వైపు లాగితే సంధిపత్రం ఇంకోవైపు లాగింది, పత్రమే గెలిచింది. 2022లో ఆంధ్ర జిల్లాలను విడగొట్టినప్పుడు యానాం చుట్టూ పేర్లు మారాయి. ఉత్తరాన కాకినాడ జిల్లా, నది అవతల కోనసీమ జిల్లా వచ్చాయి. యానాం గీత మాత్రం చెక్కుచెదరలేదు.

కేంద్రపాలిత ప్రాంతం అయ్యాక గీత కొత్త సరుకు అమ్మడం మొదలుపెట్టింది. పాత సరుకూ ఉంది. పన్ను తక్కువ కాబట్టి మద్యం, పెట్రోలు చౌక. 1995లో ఆంధ్రలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి రెండేళ్లు నడిచినప్పుడు యానాం ఎటువంటి యాత్రాస్థలం అయిందో ఆ తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ కల్యాణపురం రోజుల్లాగే, సీసా కొన్నవాడు సాయంత్రానికి ఇంటికి పోతాడు. జనాభా లెక్కలో వాడు పడడు. కొత్త సరుకు వేరే జాతిది. రేషన్ కార్డు, వృద్ధాప్య పింఛను, ఇంటి స్థలం, మత్స్యకారులకు సాయం, ఇంజనీరింగ్, వైద్య కళాశాలల్లో సీట్ల వాటా, ప్రభుత్వోద్యోగం. వీటిలో ఏదీ ఒక్క పూట వచ్చి పట్టుకుపోలేం. నివాస ధ్రువపత్రం కావాలి, దానికి కొన్నేళ్లు ఇక్కడ ఉన్నట్టు చూపాలి. గీత ఇప్పుడు సరుకిచ్చే ముందు "నీ ఇల్లెక్కడ" అని అడుగుతోంది. అలా అడగడం మొదలయ్యాకే జనం ఇళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఈ ఊరి జనాభా చిక్కుముడికి నేను చూసిన కొస ఇదే.

మరి చిన్న ప్రాంతంలో ఈ సంక్షేమం ఎందుకు అంత దగ్గరగా అందుతుంది? లెక్క చూడండి. పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికయ్యే స్థానాలు 30; యానాంకు ఒకటి. 2011 లెక్కల ప్రకారం ఆ ఒక్క ఎమ్మెల్యే వెనుక ఉన్నది యాభై ఐదు వేల చిల్లర జనం. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అదే లెక్క వేస్తే ఒక్కో ఎమ్మెల్యేకు సగటున 2 లక్షల 80 వేల మంది వస్తారు. ఐదింతల తేడా. నది అవతల ఆంధ్ర ఒడ్డున ఉన్న ఎదుర్లంకలో మనిషికి ఎమ్మెల్యే బహిరంగ సభలో కనిపిస్తాడు, వంతెనకు ఇవతల ఉన్న మనిషికి వీధిలో ఎదురుపడతాడు. పైగా ముప్పై చదరపు కిలోమీటర్లలోనే ఆసుపత్రి, డిగ్రీ కళాశాల, పాలిటెక్నిక్, పరిపాలనాధికారి కార్యాలయం అన్నీ ఉన్నాయి. పొరుగు మండలంలో ఆ పనులకు బస్సెక్కాలి, ఇక్కడ సైకిలు చాలు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. జనం వచ్చింది పరిశ్రమల కోసం, పన్ను రాయితీలతో వచ్చిన ఫ్యాక్టరీల కోసం అంటారు. కొంత నిజం. ఊళ్లోని పెద్ద టైల్స్ కర్మాగారం వేలాదిమందికి బతుకిచ్చింది. 2012 జనవరిలో కార్మిక వివాదం హింసగా మారి, ప్రాణాలు పోయి, మూతపడింది. కానీ జనాభా లెక్కల్లో ఒక చిన్న అంకె ఈ వాదనను నిలబడనివ్వదు. ఫ్యాక్టరీల కోసం వలస వచ్చిన ఊళ్లలో మగవాళ్లు ఎక్కువగా ఉంటారు. పెళ్లాం బిడ్డలు సొంతూళ్లోనే ఉండిపోతారు. 2011లో యానాంలో వెయ్యిమంది మగవారికి 1,038 మంది ఆడవారు. ఇక్కడికి ఇళ్లకు ఇళ్లు వచ్చాయి. ముసలమ్మ పింఛనుకు, పిల్ల కాలేజీకి సరిపడా సరంజామాతో వచ్చాయి.

ఇంకో పరీక్ష మాహె. అదీ ఫ్రెంచి వదిలిన ముక్కే, అదే ప్రభుత్వం, అదే పన్ను, అంతే చౌక మద్యం. 2001లో 36,828 మంది ఉంటే 2011లో 41,816. పెరుగుదల పదమూడు పద్నాలుగు శాతమే. గీత ఒక్కటే మంత్రం వేస్తే మాహె కూడా ఉబ్బి ఉండాలి. రెండు తేడాలు కనిపిస్తాయి. మాహె తొమ్మిది చదరపు కిలోమీటర్లే, చదరపు కిలోమీటరుకు నాలుగు వేల పైన జనంతో అప్పటికే నిండిపోయి ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. మాహె చుట్టూ ఉన్నది కేరళ. అక్కడి బడి, ఆసుపత్రి, రేషన్ గీత లోపలి వాటికి తీసిపోవు. నీళ్లు పారాలంటే వాలు ఉండాలి, మాహె దగ్గర వాలు లేదు. యానాం దగ్గర ఉంది, అదీ నిటారుగా.

అలా వచ్చినవాళ్లు ఎక్కడ సర్దుకున్నారు? ఊరిని పేటలుగానే చదవాలి. కనకాలపేట, ఫరాంపేట, కురసాంపేట, మెట్టకూరు, అగ్రహారం, ఆదిఆంధ్రపేట, జాంబవాన్‌పేట, దరియాలతిప్ప. పేర్లలో సగం కులాల చిరునామాలే. తిప్పల మీద, ఒడ్డున మత్స్యకారులైన అగ్నికుల క్షత్రియుల బలం ఎక్కువ. శెట్టిబలిజలు, కాపులు, దళితులు కలిస్తే మిగతా ఊరు. 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి పాత కథకు గుర్తుగా నిలబడి ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం. ఆ తర్వాత గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి పులస ఎదురీదుతుంది. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెతను నమ్మేవాళ్లంతా ఒడ్డున చేరతారు. బుట్టలో ఒకే ఒక్క చేప, చుట్టూ పదిమంది, పాటలో ధర వందల్లో మొదలై చూస్తుండగానే వేలకు ఎక్కుతుంది. ఆ చేప పట్టినవాడు చాలాసార్లు దాన్ని రుచి చూడడు.

కొత్తగా వచ్చినవాళ్లకు ఈ ఊరు అన్నీ వడ్డించదు. షెడ్యూల్డ్ కులం హోదా రాష్ట్రానికి, ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. మనిషి వెంట గీత దాటి రాదు. ఒకే వీధిలో, ఒకే కులంలో, వరసకు అన్నదమ్ములైన రెండు కుటుంబాల్లో ఒకదానికి ఆ ధ్రువపత్రం ఉంటుంది, రెండోదానికి పుట్టిన ఒడ్డు వేరు కాబట్టి ఉండదు. పుదుచ్చేరి వృత్తివిద్యా ప్రవేశాల్లో యానాంకు కేటాయించిన ప్రాంతీయ వాటా 3 శాతం. 2011లో కేంద్రపాలిత ప్రాంతపు మొత్తం జనంలో యానాం వంతు నాలుగున్నర శాతం. మాహెకు 4 శాతం వాటా, జనం అంతకన్నా తక్కువ. కాబట్టి పాతకాపులకు కొత్తవాళ్ల మీద గొణుగుడు ఉండడం సహజమే. వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ తమ ముక్క చిన్నదవుతుంది మరి. నేల మాత్రం సాగదు. మిగిలింది పల్లపు నేల. గౌతమికి వరద వస్తే మొదట మునిగేది అదే, 1986లోనూ 2022లోనూ చూశాం.

ఇక ఫ్రెంచిదనం సంగతి. ఒకప్పుడు తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతి కిందికి వెళ్లడానికి 1881లో ఒక ఉత్తర్వు వచ్చింది. అలా వెళ్లినవాళ్లను రెనొన్సాలు అనేవారు. వాళ్ల సంఖ్య పుదుచ్చేరిలో చెప్పుకోదగ్గది, యానాంలో నామమాత్రం. ఇక్కడ ఎప్పుడూ పాలించింది ఫ్రెంచి, బతికింది తెలుగు. ఫ్రెంచి సేనాని బుస్సీ పేరున వీధి, పరిపాలనాధికారి భవనం, చర్చి. కంటికి కనిపించే పాత ముక్కలు అంతే. వాటికన్నా ఎక్కువగా కనిపించేవి ఈ మధ్య కట్టినవి. ప్యారిస్‌ను గుర్తుచేసే వంద మీటర్ల పైచిలుకు ఇనుప గోపురం, నది ఒడ్డున శివలింగానికి నీళ్లు పోసే ఏనుగులు, భరతమాత, ఏసుక్రీస్తు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం తప్పు కాదు కానీ, ఆ గోపురం చూసి వచ్చిన జనం ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. వాళ్లూ పెళ్లివాళ్లలాంటివాళ్లే.

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కు వచ్చింది. అందాకా 55,626 పాత అంకె కిందే లెక్క. లెక్కించేవారు ఈసారి ఒక్కో గడపలో ఆగి, ఇంట్లో మామూలుగా ఉండేది ఎవరని అడుగుతారు. ఎదుర్లంకలో కొబ్బరితోట, తోటలో పెంకుటిల్లు, యానాంలో రెండు గదుల డాబా ఉన్న కుటుంబానికి ఆ ప్రశ్న అంత తేలిక కాదు. నాన్న తోట దగ్గర పడుకుంటాడు, అమ్మ, పిల్లలు డాబాలో ఉంటారు, నాయనమ్మ పింఛను రోజుకు ఇవతలికి వస్తుంది. వంతెన మీద నడిచి దాటడానికి అరగంట కూడా పట్టదు.